డాలు మీది రంగు

సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున, దురా యూరోపస్ శిథిలాల్లో 1930లలో ఒక రోమన్ డాలు దొరికింది. మూడో శతాబ్దం నాటిది. సన్నటి చెక్క పట్టీలను అడ్డంగా, నిలువుగా మూడు పొరలుగా అంటించి, వంపు తిప్పి, పైన తోలు కప్పారు. ఆ తోలు మీద ఎర్రరంగు పూసి గద్దనీ, రెక్కల విజయదేవతలనీ, సింహాన్నీ దిద్దారు. ఎంత తీరైన చెయ్యి! ఆ చిత్రకారుడి పేరు మాత్రం మనకు దక్కలేదు.

దుమ్ము లేచి ముఖాలు పోల్చుకోలేని చోట మనవాడెవడో పగవాడెవడో తేల్చింది ఇలాంటి కుంచెపనే. దళానికో గుర్తు, డాలు మీద సైనికుడి పేరూ ఉండేవని రోమన్ రచయిత వెజీషియస్ రాశాడు. దారిలో డాళ్లకు తొడుగులు వేసేవారు. క్రీ.పూ. 57లో గాల్ దేశపు నెర్వీ తెగవాళ్లు మీదపడ్డప్పుడు వాటిని విప్పే వ్యవధి కూడా లేకపోయిందని సీజరే చెప్పుకున్నాడు.

కొన్ని గ్రీకు నగరాల డాళ్ల మీద ఊరి పేరులోని మొదటి అక్షరం చాలు. దాని మీద ఎంత నమ్మకమంటే, క్రీ.పూ. 392లో కొరింత్ గోడల దగ్గర స్పార్టా నాయకుడు పసిమాకస్, తన మిత్రులైన సిక్యోన్ వాళ్ల 'సిగ్మా' డాళ్లు పట్టి ఎదురెళ్తే ఆర్గోస్ సేన బెదరనేలేదు. వచ్చేది సిక్యోన్ వాళ్లే అనుకుంది. పసిమాకస్ ఆ పోరులోనే చనిపోయాడు.