హాలులో పట్టని పాట

సభకు చోటు దొరకడం, దొరకకపోవడం సాహిత్యానికి బయటి సంగతి అని చాలామంది విమర్శకుల అభిప్రాయం. మేము ఒప్పుకోము. ఏ ప్రక్రియ బతకాలో, ఏది మూలన పడాలో ఇప్పుడు చోటే తేలుస్తోంది.

2022 డిసెంబరు 28న కందుకూరు రాజకీయ సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. 2023 జనవరి 1న గుంటూరులో మరో ముగ్గురు. మర్నాడే జీవో నం. 1 వచ్చింది. 1861 నాటి పోలీసు చట్టాన్ని పట్టుకుని రహదారుల మీద సభలకు కళ్లెం వేసింది, రోడ్లకు దూరంగా చోట్లు చూడమంది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రాణాలు పోయినప్పుడు జాగ్రత్త ఉండాలి, కాదనం. అయితే పెద్ద పార్టీలకు ఇంకో మైదానం దొరుకుతుంది. చిల్లకల్లు 65వ నంబరు జాతీయ రహదారిని ఆనుకున్న ఊరు, టోల్‌గేటు కూడా ఇక్కడే. తండాల నుంచి వచ్చేవాళ్లు దిగేదీ, పదిమంది కలిసేదీ రోడ్డు దగ్గరే. జీవో పోయినా, మా వార్షిక సభకు చోటు అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: హాలు చూసుకోండి.

హాలుకు అద్దె ఉంటుంది, గడియారం ఉంటుంది, వక్తల జాబితా ఉంటుంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. చేతిలో కాగితం ఉన్నవాడికి అది సరిపోతుంది. లంబాడీ ఆడవాళ్ల పాట అలా నడవదు. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు గుండ్రంగా కదులుతూ అందుకుంటారు. అడుగు ఆగితే పాటా ఆగుతుంది. జాబితాలో ఎవరి పేరు రాయాలి? రబాబు మీద వంశకథలు చెప్పే ధాడీకి రాత్రి కావాలి. ఆరుబయట మైకు రాత్రి 10 దాటితే కట్టేయాలి. నిజానికి ఆయన మైకు అడగలేదు, అడిగింది మనమే.

ఈ ఇరుకు మన పుస్తకాల్లోనూ కనిపిస్తోంది. మన కవితల్లో చాలావాటికి చివర చప్పట్ల కోసం ఒక నినాదం అతికించి ఉంటుంది. గోర్ బోలి మాటలు రెండో మూడో అలంకారంగా వస్తాయి, నడక మాత్రం పట్నం వచన కవితదే. కుర్రవాళ్లను తప్పుపట్టడం లేదు. వాళ్లు విన్న సభలన్నీ హాలు సభలే.

చోటు కోసం పోరు కొత్తది కాదు. 1943లో ఏర్పడిన నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు ఓరుగల్లులో సభలు పెడితే రజాకార్లు పందిళ్లు తగలబెట్టారు. అయినా కాళోజీ వంటివాళ్లు సభ నడిపించారు, దాశరథి పద్యం చదివారు. నోటికొచ్చిన పద్యానికి పందిరి కాలినా నష్టం లేదు. మన మౌఖిక సాహిత్యానికీ ఆ బలం ఉంది. దాన్ని మనమే కాగితానికి కుదించుకున్నాం.

ఇంద్రవెల్లిలో వెల మరీ ఎక్కువైంది. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. సభకు అనుమతి రద్దయిన సంగతి తెలియక గోండులు కొండల నుంచి నడిచి వచ్చారు. సర్కారు లెక్కలోనే 13 మంది కాల్పుల్లో చనిపోయారు. తర్వాత ఎన్నో ఏళ్లు స్తూపం దగ్గర చేరడానికీ ఆంక్షలే. అయినా ఆ మాట ఆగలేదంటే అది ఊళ్లలో జనం నోట ఉండబట్టే. అచ్చులో వచ్చింది ఆ తర్వాతి సంగతి.

అందుకని వచ్చే ఏడు హాలు కోసం తిరగడం తగ్గిద్దాం. అనుమతి అడుగుదాం, అది మన హక్కు. దొరికినా దొరకకపోయినా సభలో సగం తండాల్లో జరగాలి, తీజ్ తొమ్మిది రోజుల్లో పెట్టుకుంటే ఇంకా మేలు. అప్పుడు ఆడవాళ్లను పిలవనక్కర్లేదు, మనమే వాళ్ల దగ్గరికి వెళ్తాం. టీచర్లు పిల్లలతో పాటలు రాయించేటప్పుడు ఎత్తుకున్నామె పేరుతోపాటు అందుకున్నవాళ్ల పేర్లూ రాయించాలి. కవులు ఆ రాత్రి కాగితం తీయకుండా కూర్చోవాలి, వంతు వస్తే నోటికొచ్చిందే చెప్పాలి.