తాపీ పట్టిన చేయి

తెలంగాణ పల్లెల్లో గుట్టపక్కన గుండ్రంగా పేర్చిన బండల్ని రాకాసి గుళ్లు అంటారు. ఎక్కువగా అవి ఇనుపయుగపు సమాధులు. వాటిని తవ్వే కూలీల పనితనం చూసి తీరాలి.

మొదట గడ్డపార, పార, తట్ట. ఎముక జాడ తగలగానే అవి గట్టుకు చేరతాయి. తాపీ, వెదురుపుల్ల, మెత్తటి బ్రష్షు దిగుతాయి. ఒకప్పుడు తవ్వి పూడ్చిన మట్టి పక్కనున్న కదలని నేలకంటే వదులుగా ఉంటుంది, రంగూ కాస్త మారుతుంది. ఆ తేడా కంటికన్నా ముందు వాళ్ల చేతికే తెలుస్తుంది. ఏళ్ల తరబడి పొలం దున్నిన చేయి మరి. అంచు నలుపు, అడుగు ఎరుపు కుండ కనిపిస్తే లాగెయ్యరు. చుట్టూ నిదానంగా గీకి, కొలతలు తీసి బొమ్మ గీసేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. కుండలోని మట్టినీ జల్లెడ పడతారు, ఒక్క పూసైనా జారిపోకూడదని.

సమాధులు రాతినేలలో మిగిలాయి. వాటిలో పూడ్చినవాళ్లు బతికిన ఊళ్లు దొరకడమే కష్టం. మట్టిగోడలు, గడ్డికప్పులు కరిగిపోయాయి. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఊరినీ సమాధుల్నీ రెంటినీ తవ్వించి కాలక్రమం తేల్చాడు. మన దగ్గర పాత ఊరి జాడ చెప్పేది తరచూ రైతే. పాటిగడ్డ (పాత ఊరి దిబ్బ) మన్ను చేనుకు బలమని బండికెత్తుతూ, అందులో పెంకులు తగిలిన చోటు గుర్తుపెట్టుకుంటాడు.

తవ్వకాల నివేదికల అట్టమీద ఈ కూలీల పేర్లేవీ ఉండవు. అది నాకు నిజంగా బాధ. సాయంత్రం గుంతమీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, చివరగా ఇంటికి వెళ్లేదీ వాళ్లే.