దామెర్ల రామారావుగారి స్త్రీచిత్రములు: ప్రతికృతివిచారము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెముల పాఠశాలలయందు సంస్కృతాంధ్రములు బోధించు మిత్రులము కొందఱము శాకుంతలము షష్ఠాంకమునందలి చిత్రపటఘట్టమును గూర్చి ముచ్చటించుచుండఁగా, దామెర్ల రామారావుగారి చిత్రముల యచ్చుప్రతులు కొన్ని చేతికి వచ్చినవి. కోదాడ మిత్రుఁడు వానిఁ జూచి, "రేఖ రమ్యమే. కాని యీ స్త్రీల మొగములన్నియు నొక్కటియే. దుష్యంతుఁ డిట్లు వ్రాసియుండినచో విదూషకుఁడు శకుంతల నెట్లు గుర్తించును?" అని యాక్షేపించెను. ఈ యాక్షేపము రామారావుగారిని మెచ్చువారినోటను వినఁబడుచుండును గావున విచారింపఁదగినది.

ముందుగా వ్యాకరణము. పాణిని ప్రతికృత్యర్థమునఁ గన్ ప్రత్యయమును విధించెను. అశ్వముయొక్క బొమ్మ అశ్వకము. జీవికకై యుపయోగపడుచు విక్రయింపఁబడని ప్రతిమవిషయమున మాత్ర మా ప్రత్యయము లోపించును. అర్చింపఁబడు శివప్రతిమ శివుఁడే. (బంగారమునాసించి మౌర్యులు ప్రతిమలఁ గల్పించిరని భాష్యకారు లిచ్చటనే చెప్పిరి. వ్యాకరణమునఁ జరిత్ర యెచ్చట దాఁగియుండునో యెఱుఁగరాదు.) రెండుచోటులను ప్రకృతి యొకటి ముందుండవలెను. ఎవరి ప్రతికృతి యని యడిగినఁ బేరు చెప్పఁగలుగవలెను.

అట్టి పేరుగల చిత్రములకు స్పెయినుదేశపు ఫెదెరికో దె మద్రాసో (1815–1894) కృతులు చక్కని యుదాహరణములు. పేరునందలి ధ్వనిని బట్టి మన మద్రాసు నూహింపఁబనిలేదు. రెండవ ఇసబెల్ రాణి యాస్థానమునఁ జిత్రకారుఁడై, ప్రాదో చిత్రశాల కధ్యక్షుఁడై, యతఁడు కులీనస్త్రీల ననేకులఁ జిత్రించెను. 1853 నాఁటి విల్చెస్ ప్రభ్వి చిత్రమున నీలవస్త్రముయొక్క మెఱుఁగును మందహాసమును ఆ యొక్క స్త్రీవియే, వేఱొకతెకుఁ జెల్లవు. సోమేశ్వరుఁడు మానసోల్లాసమున అద్దమునందలి నీడతోఁ బోల్చి విద్ధచిత్ర మన్నది యిట్టిదే.

రామారావుగారి త్రోవ వేఱు. 1897లో రాజమహేంద్రవరమున జన్మించి, యచ్చటి కళాశాలాధ్యక్షుఁడు ఆస్వాల్డ్ కూల్డ్రే దొరవారి ప్రోత్సాహమున 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలకుఁ బోయి, 1920 నాఁటికి విద్య ముగించిరి. సజీవరూపమును జూచి యున్నదున్నట్లు వ్రాయు శిక్షణము నచ్చట సంపూర్ణముగాఁ బొందినవారు. కావున విద్ధచిత్రము వారికిఁ జేతకాక విడిచిరనుట పొసఁగదు. 1923లో రాజమహేంద్రవరమున భారతీయ చిత్రకళకై సంఘమును స్థాపించి, 1925లో మసూచికముచే నిరువదియెనిమిదవ యేఁట నస్తమించిరి. విద్య ముగిసినపిదప వారికి దక్కిన కాలము అయిదేండ్లు. ఒక కావ్యమునకు వ్యాఖ్య వ్రాయుటకే మన కంతకాలము పట్టును.

నందిపూజ, పుష్పాలంకారము, కార్తికపౌర్ణమి మొదలగు చిత్రములందలి స్త్రీలకుఁ బేరులేదు. ప్రకృతియే లేనిచోఁ గన్ ప్రత్యయ మెట్లు వచ్చును? ఇవి ప్రతికృతులు గావు. మొగములు కలియుచున్నవను దోషము ప్రతికృతికే తగులును. ఇఁక శాకుంతలమును విప్పి చూతము. విదూషకుఁడు పటమునందలి మువ్వురిలో శకుంతల నెట్లు పోల్చెను? సడలిన కొప్పును, చెమర్చిన మొగమును, వ్రాలిన బాహువులను జూచి. పోలికచే నెఱుఁగలేదు, అవస్థచే నెఱిఁగెను. రామారావుగారును భావమును ముఖముకంటె దేహభంగిమయందే యెక్కువగా నిలిపినవారు. కావునఁ గోదాడ మిత్రుని యుదాహరణము వారి పక్షమునకే సాక్ష్యము పలుకుచున్నది.

ఋష్యశృంగబంధనమున నీ సామ్యము గుణమే యైనది. స్త్రీ యనఁగా నెవ్వరో యెఱుఁగని మునికుమారుని కన్నులకు వారందఱు నొక్కతీరుగాఁ దోఁపక యెట్లు తోఁతురు? మనము నాతని చూపుతోనే చూచుచున్నాము.

సిద్ధార్థరాగోదయమున మాత్ర మాక్షేపము కొంత నిలుచును. ఆ కథకుఁ బ్రాణము భేదము. ఎందఱో కన్యలం జూచియుఁ జలింపని హృదయము ఒక్కతెను జూచి చలించినది. యశోధరను దక్కినవారినుండి వేఱుచేయునది చిత్రమున నామె నిలిచిన చోటే కాని మొగము గాదు. రాజకుమారునిఁ గట్టివేసిన ముఖ మేదో ప్రేక్షకునకుఁ దెలియవలదా? ఇచ్చట లావణ్యము చేయి తిరిగిన యలవాటుగా జాఱిపోయినదని నా యభిప్రాయము. మఱి పదియేండ్లు జీవించినచో దిద్దుకొనెడివారు కాఁబోలు.

మిర్యాలగూడెపు మిత్రుఁడు పిల్లలమఱ్ఱి గుడిలోని శిలాంగనలం దలఁచెను. సూర్యాపేట చెంతనే యున్న యా కాకతీయశిల్పమున మొగములు కలియుచున్నవని మన మెన్నఁడును గొఱఁత చెప్పలేదు. ఱాతికొక నీతియు రంగున కొక నీతియునా యని యతని ప్రశ్న. ఱాతిస్త్రీ స్తంభమునకు నలంకారము, రంగులస్త్రీ కథయందుఁ బాత్రము. నీతి కొంత మాఱకతప్పదని నేనంటిని. కోదాడ మిత్రుఁడు మాత్ర మింకను లొంగలేదు. అచ్చుప్రతులయందు నీటిరంగుల పలుచఁదనము చచ్చి మొగములు చదునగునని నేను జెప్పఁగా, రాజమహేంద్రవరపు దామెర్ల చిత్రశాలలో మూలములం జూచినపిదపనే యొప్పుకొందునో లేదో చెప్పెదనని సెలవులకై యెదురుచూచుచున్నాఁడు.