మిగిలినవాని ఉత్తరము
(యిర్మీయా 29వ అధ్యాయమును గూర్చి)



ఒక కుటుంబము ఊరు విడిచి వెళ్లునప్పుడు సంఘస్థులు వారి ఇంట కూడి ప్రార్థించుట మనకు అలవాటు. ఆ కూటములలో తరచుగా యిర్మీయా గ్రంథము 29వ అధ్యాయము 11వ వచనము చదువుదురు. దేవుడు తన జనుల మేలునే తలంచుచున్నాడని తెలుపు ఆ వచనము మన కేలండరుల మీదను, గోడల మీదను ఉన్నది. మా పెద్దవాడు భార్యాబిడ్డలతో హైదరాబాదునకు వెళ్లిన దినమున మా ఇంటను అదియే చదివిరి. వెళ్లువారికి ధైర్యము కలిగెను. బండి మలుపు తిరిగిన పిమ్మట, వాకిట మిగిలిన మా ఇద్దరికి ఆ మాటలో పాలు ఉన్నదా అని నేను అధ్యాయమంతయు మరల చదివితిని.

ఒక్క వచనమునే తీసికొనుట ఒక్క తొన తిని పనసపండును విడిచినట్లున్నది. ఈ అధ్యాయము ఒక ఉత్తరము. క్రీస్తుపూర్వము 597లో బబులోనునకు చెరగొనిపోబడిన వారికి యిర్మీయా యెరూషలేము నుండి దీనిని పంపెను. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుకొనుడి, బిడ్డలకు పెండ్లిండ్లు చేయుడి, మీరున్న పట్టణము కొరకు ప్రార్థించుడి అనునదే దాని సారము. తిరిగి వచ్చుటకు 70 సంవత్సరములు పట్టునని అందులోనే ఉన్నది. మనము ప్రీతితో చదువు వచనము ఆ 70 సంవత్సరముల మాట వెంబడినే వచ్చుచున్నది. దీనిని దాచి దానిని చదువుట న్యాయము కాదు.

దీనికి ముందటి అధ్యాయములో హనన్యా అను ప్రవక్త రెండే సంవత్సరములలో చెర ముగియునని చెప్పెను. వినుటకు ఎంత తియ్యని మాట! కాని దేవుడు అతని పంపలేదు. మన ప్రాంతమునకు ఈ మాట క్రొత్తది కాదు. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో అయిదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను తెగగొట్టిరి. చెరువుల మీద బ్రతికిన వారిలో కొందరు కూలి వెదకుకొనుచు వెళ్లిరి. ఏలూరులోనైనను తాడేపల్లిగూడెములోనైనను రైలెక్కువారు, కువైటునకు పోవు తల్లులు, అందరును చెప్పునది ఒక్కటే: “రెండేండ్లలో వచ్చేస్తాము.” శీతకాలమున ఆటపాకకు గూడబాతులు తప్పక వచ్చును, మన బిడ్డల రాకకు అట్టి ఋతువు లేదు. రెండేండ్ల ఆదరణ మీద ఆనుకొన్నవాడు మూడవ యేట కూలిపోవును.

అయితే ఈ ఉత్తరమందు ఒక కొరత ఉన్నదని ఒప్పుకొనవలెను. వెళ్లినవారికి ఇన్ని మేలులు చెప్పినది, యెరూషలేములో మిగిలినవారిని గూర్చి ఖడ్గమును, క్షామమునే చెప్పుచున్నది. వాకిట నిలిచిన తల్లికి ఇందులో ఒక్క మెత్తని మాట లేదు. అది రాజును, ప్రజలను వారి అవిధేయతను బట్టి గద్దించిన మాట గాని, వృద్ధాప్యములో విడువబడిన వారిని గూర్చినది కాదు. అయినను మన గాయమునకు కట్టు ఇందులో దొరకదు.

ఉత్తరములో దొరకనిది వ్రాసినవాని బ్రదుకులో కొంత దొరకుచున్నది. వ్రాసినవాడు తానే మిగిలినవాడు! పట్టణము ముట్టడిలో ఉండగా అతడు అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొని, క్రయపత్రములను మంటికుండలో భద్రపరచెను. పట్టణము కూలిన తరువాత, బబులోనునకు వచ్చినయెడల నిన్ను కాపాడుదునని అధిపతి చెప్పినను, అతడు మిస్పాకు వెళ్లి దేశములో మిగిలిన బీదల మధ్యనే కాపురముండెను. ఉండుట అనగా ఓడిపోవుట కాదని, అదియు దేవుడు అప్పగించిన పనియే అని అతని బ్రదుకు మనకు నేర్పుచున్నది.

మిగిలిన కొరతను సిలువ తీర్చుచున్నది. యోహాను సువార్త 19వ అధ్యాయములో ప్రభువు తాను వెళ్లిపోవుచు, నిలిచియున్న తల్లిని శిష్యునికిని, శిష్యుని తల్లికిని అప్పగించెను. ఆ గడియ నుండి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకొనెను. ఆయన ఆమెకు గడువు చెప్పలేదు, ఒక ఇల్లు ఇచ్చెను.

కాబట్టి సంఘ పెద్దలకు నా మనవి. వెళ్లువారి కొరకు 11వ వచనము చదువుడి. దానికి పైనున్న 10వ వచనమును విడువకుడి. మరునాడు మరల ఆ ఇంటికే వెళ్లుడి. తాళము వేసిన గది ప్రక్కన ఇద్దరు ముసలివారు కూర్చుండి యుందురు. వారితో కూడ అన్నము తిని, వారి బిడ్డలున్న పట్టణము పేరు పెట్టి ప్రార్థించుడి. మా ఇంటికి అట్లు వచ్చినవారు ఒక్కరే, పొరుగింటి విధవరాలు. యిర్మీయా ఉత్తరములో నాకు దొరకని మాట ఆమె తెచ్చిన చేపల పులుసు గిన్నెతో మా వాకిటికి వచ్చెను. ప్రభువు మనలను ఒకరికొకరిని అప్పగించును గాక.