నిలకడలేని సుంకం, నోరులేని చెరువు: భారత్–అమెరికా రొయ్యల వర్తకంలో వినతుల ప్రాధాన్యక్రమం

రెండు దేశాల మధ్య వర్తకం పెరగాలని కోరుతూ వర్తక సంఘాలు ప్రభుత్వాలకు సమర్పించే వినతిపత్రాలను మనం రచనలుగా చదవం. నిజానికి వాటికీ ఒక శైలి ఉంది. ఏ కోరిక ముందు వస్తుంది, ఏది చివరికి పోతుంది, ఎవరి ప్రస్తావన అసలు రాదు అన్న అంశాలను బట్టి అవి ఎవరి పక్షాన మాట్లాడుతున్నాయో తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ తీరం నుంచి అమెరికాకు సాగే రొయ్యల ఎగుమతిని ఆధారం చేసుకుని ఆ క్రమాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

2025 ఏప్రిల్ 2న అమెరికా మన సరుకులపై 26 శాతం సుంకం ప్రకటించింది. అది అమలుకు రాకముందే వాయిదా పడి 10 శాతం నిలిచింది. ఆగస్టు 7న 25 శాతం, అదే నెల 27న 50 శాతం అయింది. అయిదు నెలల్లో ఇన్ని అంకెలు! సహజంగానే ఎగుమతిదారుల కోరికలన్నీ అంకె చుట్టూనే తిరిగాయి: సుంకం తగ్గించేలా ఒప్పందం, వడ్డీ రాయితీ, రుణాల చెల్లింపుకు గడువు, కొత్త మార్కెట్లు. ఇవి అన్యాయమైన కోరికలు కావు. అయితే వీటి వరుసలో లోపం ఉంది. వర్తకుణ్ణి దెబ్బతీసేది సుంకం ఎక్కువ కావడం ఒక్కటే కాదు, అది ఎంతో ముందుగా తెలియకపోవడం కూడా.

ఈ అనిశ్చితి 2025లో పుట్టింది కాదు. మన రొయ్యలపై అమెరికా యాంటీ డంపింగ్ సుంకం 2005 నుంచీ ఉంది. సరుకు రేవులో దిగినప్పుడు అక్కడి దిగుమతిదారు చెల్లించేది అంచనా మొత్తం మాత్రమే. అసలు రేటు తరువాత జరిగే వార్షిక సమీక్షలో తేలుతుంది. తేడా ఉంటే వడ్డీతో కట్టాలి, లేదా తిరిగి వస్తుంది. అంటే సరుకు అమ్ముడై, వంటలై, జనం మరచిపోయాక గానీ దాని మీద పన్నెంతో తెలియదు. పైగా అమెరికా కస్టమ్స్ శాఖ అదనపు పూచీకత్తు బాండ్లు కోరింది. భారత్ ఆ వివాదాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థకు తీసుకువెళ్లి 2008లో నెగ్గింది. సంఘాలూ ప్రభుత్వమూ కలిసి పద్ధతినే ప్రశ్నించి గెలిచిన ఆ సందర్భం మన వినతుల్లో ఒక నమూనాగా నిలవవలసింది. ఆ తరువాత కూడా చర్చ ఎక్కువగా శాతాల మీదే నడిచింది. 2024 చివరలో సబ్సిడీలకు ప్రతిగా మరో సుంకం, చాలామంది ఎగుమతిదారులకు 5.77 శాతం, వచ్చి చేరింది.

ఇక్కడ మోటుపల్లి గుర్తుకు రావడం యాదృచ్ఛికం కాదు. కాకతి గణపతిదేవుడు శక 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, ఆ రేవులో వేయించిన అభయశాసనం తుపానులో ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని ఒప్పుకుంటుంది. ఇకపై నిర్ణీత శుల్కం తప్ప మరేమీ తీసుకోబోమని హామీ ఇస్తుంది. ఎగుమతి దిగుమతులపై ఆ శుల్కం ముప్ఫైలో ఒక వంతు. రాజు దయను పొగడటం శాసనాల అలవాటే గానీ, ఇందులో అసలు విషయం రేటు ముందే రాతిమీద ఉండటం. నావికుడు బయలుదేరేముందే లెక్క వేసుకోగలడు. రాజు సొంత రేవుకిచ్చిన మాటనూ రెండు ప్రభుత్వాల ఒప్పందాన్నీ ఒకే గాటన కట్టలేం. అయినా వర్తకుడు మొదట అడగవలసింది ఏమిటో ఆ శాసనకర్తకు మనకంటే స్పష్టంగా తెలుసు.

వినతిపత్రాల్లో మరింత పెద్ద ఖాళీ చెరువు గట్టు దగ్గర ఉంది. 2025 ఏప్రిల్ ప్రకటన వెలువడగానే, సుంకం ఇంకా అమలులోకి రాకపోయినా, గోదావరి, కృష్ణా జిల్లాల్లో రొయ్యల కొనుగోలు ధరలు పడిపోయాయి. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్ర వాణిజ్య మంత్రికి లేఖ రాయవలసి వచ్చింది. ఇక్కడ రెండు పక్షాల బలం సమానం కాదు. ప్రాసెసింగ్ యూనిట్‌కు శీతల గిడ్డంగి ఉంది, కొన్నాళ్లు ఆగగలదు. రైతుకు ఆ వెసులుబాటు లేదు. కౌంటుకు వచ్చిన రొయ్యను చెరువులో ఉంచితే మేత, ఏరేటర్ల కరెంటు, తెల్లమచ్చ తెగులు భయం రోజురోజుకూ పెరుగుతాయి. కౌలు రైతుకైతే వీటికి తోడు కౌలు బాకీ. అందువల్ల సుంకం భారం గొలుసు చివరికి జారి అతని మీద పడుతుంది. సుంకం తగ్గినప్పుడు ధర అంతే వేగంగా పైకి రావాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. రైతు పేరుతో రాయితీ అడిగే వినతి, ఆ రాయితీలో అతనికి చేరే వాటా ఎంతో కూడా చెప్పాలి.

కొత్త మార్కెట్ల మాట వినసొంపుగా ఉంటుంది. కానీ అమెరికాకు వెళ్లేది ఎక్కువగా ఒలిచిన, పెద్ద సైజు రొయ్య. చైనా కొనేది చాలావరకు పెంకుతో ఉన్నది. యూనిట్లో యంత్రాలు, పనిచేసే ఆడవాళ్ల నైపుణ్యం, చెరువులో పెంచే కౌంటు అన్నీ మారాలి. ఒక పంటకాలంలో అయ్యే పని కాదు.

మరో సంగతి కూడా వాదనలో సరిగా వాడుకోలేదు. వనామి తల్లి రొయ్యలను మన హేచరీలు ప్రధానంగా అమెరికన్ సంస్థల నుంచే తెప్పించుకుంటున్నాయి. అవి చెన్నై క్వారంటైన్ దాటి కోస్తా హేచరీలకు చేరి, పిల్లలై చెరువుల్లోకి దిగుతాయి. ఈ వర్తకం మొదలయ్యేదీ ముగిసేదీ అమెరికాలోనే. తల్లి రొయ్యలు అమ్మే అక్కడి సంస్థలూ, తేలని సుంకంతో నలిగే అక్కడి దిగుమతిదారులూ మన వాదనకు సహజ మిత్రులు. ఢిల్లీకి పంపే వినతితో పాటు, వారితో కలిసి వాషింగ్టన్‌కు పంపవలసిన వినతి ఒకటుంది. దాని మొదటి వాక్యం శాతం గురించి కాకుండా, సరుకు ఓడ ఎక్కిన రోజున ఉన్న రేటే ఆ సరుకుకు చివరి రేటు కావాలని అడగాలి.