గిరిజన బాలసేవకు గీటురాయి: గిడుగు వారి సవర విద్యాకృషి

పరదేశమునకు బోయి అనాథ బాలుర శరణాలయములలో కొలదికాలము సేవచేయుట ఇటీవలి దశాబ్దములలో సంపన్న దేశముల యువజనులయందు వ్యాప్తిజెందిన ఆచారము. ఉద్దేశము ఉదాత్తమైనను దీనిపై తీవ్రమైన విమర్శ కలదు. పిల్లలు మచ్చికయగునంతలో సేవకుడు వెడలిపోవును. వాని స్థానమున మరియొకడు వచ్చును. అట్టి శరణాలయములలోని పిల్లలలో పెక్కుమందికి తల్లియో తండ్రియో జీవించియే యుందురని పరిశోధకులు చూపియున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కులపై గావించిన తీర్మానమున, ఇట్టి స్వచ్ఛంద సేవవలన కలుగు హానిని నివారింపవలసినదని సభ్యదేశములను కోరినది.

ఈ చర్చతో తెలుగు శాఖలకేమి సంబంధమని ప్రశ్న పుట్టవచ్చును. పరాయి పిల్లలకు మేలుచేయబూనినవాని యోగ్యతను దేనితో కొలువవలెను? ఈ ప్రశ్నకు సమాధానము తూర్పు కనుమలలో, మన భాషాచరిత్రయందే కలదు. గిడుగు వేంకట రామమూర్తిగారిని వ్యావహారిక భాషోద్యమ సారథిగా మనము పలు విధముల పరిశీలించితిమి. సవర బాలుర ఉపాధ్యాయుడుగా మాత్రము ఆయనను స్తుతించితిమే కాని విమర్శింపలేదు. స్తోత్రము విమర్శ కాజాలదు. ఆ కృషియందలి గుణదోషములను విచారించుట ఈ వ్యాసోద్దేశము.

1863లో శ్రీకాకుళమునకు సమీపమందలి పర్వతాలపేటలో జన్మించిన రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ప్రవేశించిరి. ఆ పట్టణమును ఆనుకొనియున్న కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకుగాని ఒడియాకుగాని జ్ఞాతి కాదు. ముండా కుటుంబమునకు జెందినది. నాటికి దానికి లిపిలేదు, వాచకము లేదు. సవరమును తెలుగును ఎరిగిన యొకనిని తమ యింటనే యుంచుకొని రామమూర్తిగారు ఆ భాషను అభ్యసించిరి. పిదప సవర వాచకములు కూర్చి, సొంత ధనముతో బడులు పెట్టి, సవర భాషలోనే చదువు చెప్పించిరి. ప్రభుత్వము పారితోషికమీయబూనగా దానిని స్వీకరింపక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టింపుడని కోరినట్లు జీవితచరిత్రకారులు చెప్పుదురు. సవర భాషా వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు కోశము 1938లోను మద్రాసు ప్రభుత్వముచే ప్రకటితములైనవి.

ఇందు మొదట గమనింపవలసినది క్రమము. ఆయన మొదట బడి పెట్టి పిదప భాష నేర్చినవాడు కాడు. మొదట శిష్యుడై పిదప గురువైనవాడు. ఈ క్రమము కేవల వినయలక్షణము కాదు, బోధనకు ఆవశ్యకమైన నియమము. ఒక్క ఉదాహరణము చాలును. సవర సంఖ్యావాచకములు మనవలె దశగుణితముగా సాగవు. పండ్రెండు వరకు లెక్కించి, పదమూడును ‘పండ్రెండు మీద ఒకటి’ యనియు, ముప్పదిమూడును ‘ఇరువది, పండ్రెండు, ఒకటి’ యనియు చెప్పుదురు. ఈ సంగతి నెరుగని ఉపాధ్యాయుడు తెలుగు ఎక్కములు వల్లెవేయించి, పిల్లవాడు తడబడినపుడు వానిని మందమతి యనును. నిజమునకు ఆ బాలుడు రెండు గణిత పద్ధతుల నడుమ చిక్కుకొన్నవాడు. లోపము బాలునియందు లేదు, ఉపాధ్యాయుని అజ్ఞానమునందున్నది.

వ్యాకరణమునందును ఈ శిష్యభావమే ఫలించినది. సవరమున కర్మవాచక నామము తన పూర్ణరూపమును విడిచి, ఏకాక్షరమాత్రమై క్రియలో లీనమగుట కలదు. మన వాక్యమున మూడు నాలుగు పదములలో చెప్పవలసిన యర్థము అందొక్క క్రియాపదమున ఇమిడిపోవును. సంస్కృతాంధ్ర వ్యాకరణములలో పండిన పండితుడు దీనిని సమాసమని సరిపెట్టుకొనుట సులభము. రామమూర్తిగారు అట్లు చేయక, ఆ భాష స్వభావమును దాని తీరుననే వివరించిరి. పిమ్మట ప్రపంచ భాషాశాస్త్రజ్ఞులు ఇట్టి క్రియారచనను చర్చించునపుడు ఆయన గ్రంథమును ఆధారముగా గ్రహించుట ఆ వివరణ నిష్పాక్షికతకు సాక్ష్యము. గ్రంథముల యాసరాలేని భాషను జనుల నోటనుండి నేర్చిన యనుభవము, 1906 తరువాతి వ్యావహారికోద్యమమునకు భూమికయైనదని తలచుట అసంగతము కాదు. వ్రాతకు ముందు వాక్కు కలదను సత్యమును ఆయన సవరలయొద్ద ప్రత్యక్షముగా జూచిరి.

ఇక పరిమితులు. మొదటిది, వాచకములు తెలుగు లిపిలో వెలసినవి. వ్యాకరణ కోశములు ఆంగ్లమున వెలసినవి. కనుక అంతిమ గ్రంథములు సవరల చేతికి అందునవి కావు. పండితులకును పాలకులకును అందునవి. రెండవది, భాష నొసగినవారు సవరలు. గ్రంథముఖమున నిలిచిన పేరు ఆచార్యునిది. మూడవది, ఆ కృషి పర్లాకిమిడి కేంద్రముగా సాగినది. 1936లో ఆ పట్టణము ఒడిషా రాష్ట్రమున చేరగా ఆయన దానిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. కుమారుడు సీతాపతిగారు సవర భాషాధ్యయనమును కొనసాగించిరి. అయినను తెలుగు దేశమునకు ఆ కొండలతోడి విద్యాబంధము పలుచబడినది. ఆ 1936లోనే సవరజాతీయుడగు మంగేయి గొమాంగో ‘సొరాంగ్ సొంపెంగ్’ అను స్వతంత్ర లిపిని కల్పించుట గమనార్హము. అక్షరమును దానముగా గొన్న జాతి, తన యక్షరమును తానే నిర్మించుకొనగోరినది. దీనిని గిడుగు వారి కృషికి తిరస్కారముగా భావింప బనిలేదు. సేవ ముగియవలసిన చోటు ఏదియో ఇది సూచించును.

విదేశీయుల కృషితో పోల్చిన ఈ విషయము స్పష్టమగును. 1927లో ఇంగ్లండునుండి వచ్చి, మధ్య పరగణాల గిరిజనుల నడుమ ఆశ్రమము నెలకొల్పిన వెరియర్ ఎల్విన్, 1955లో సవరల మతమును గూర్చి బృహద్గ్రంథము వెలయించెను. అది పరిశీలకుని గ్రంథము. అందలి వర్ణన సమృద్ధమైనది. కాని బడిలో పిల్లవానికి ఉపకరించు నుద్దేశముతో వ్రాయబడినది కాదు. ఆస్ట్రియా దేశీయుడగు హైమెన్‌డార్ఫ్ తూర్పు కనుమలకు వెలుపల, ఆదిలాబాదు మండలమందలి మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రమును నెలకొల్పించెను. బోధకత్వమును గోండుల చేతికే యిచ్చుట ఇందలి విశేషము. ఈ యొక్క యంశమున ఆయన మార్గము గిడుగు వారి మార్గమునకంటె ఒక యడుగు ముందున్నది. అంతేకాక ఆయన ఆ ప్రాంతములకు మరల మరల వచ్చి, గిరిజనుల భూములు అన్యాక్రాంతములైన తీరును 1982లో ప్రకటించిన గ్రంథమున నమోదు చేసెను. చేసిన పనికి కాలాంతరమున ఏమి గతిపట్టినదో తిరిగివచ్చి చూచుట సేవాధర్మములలో నొకటి.

విద్యయే నిరపాయకరమని తలచుటయు పొరపాటు. 1975 నుండి సవరల నడుమ పరిశోధించిన ఆంగ్లేయ మానవశాస్త్రజ్ఞుడు పియర్స్ విటెబ్‌స్కీ, చదువు నేర్చి క్రైస్తవమును స్వీకరించిన యువతరము, మృతులతో పూజారిణి ముఖమున సంభాషించు పూర్వాచారమునకు దూరమైన వైనమును 2017లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. అక్షరము ఒకటి నిచ్చి వేరొకటి తీసికొనును. ఏది పోవుచున్నదో తెలిసికొనుటకైనను ఉపాధ్యాయునకు ఆ భాష రావలెను.

ఈ విచారము అరకు లోయకు మిక్కిలి వర్తించును. అచ్చట కొండదొర, కువి, గదబ, ఆదివాసి ఒడియా మున్నగు భాషలు ఒక్క సంతలోనే వినవచ్చును. భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండదొరల భాషను ఆ ప్రాంతముననే పరిశోధించి 1969లో సమగ్ర వ్యాకరణమును ప్రకటించిరి. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కొండ, కువి, ఆదివాసి ఒడియా సహా ఎనిమిది భాషలలో ప్రాథమిక బోధన నారంభించినది. ఒక శతాబ్దమునకు పూర్వము ఒక ఉపాధ్యాయుడు సొంత ధనముతో చేసిన ప్రయోగము ఇట్లు ప్రభుత్వ విధానముగా పరిణమించినది. అయినను ఆశ్రమ పాఠశాలలలోని పిల్లలను అనాథలనుగా భావించి పండ్లు, పలకలు పంచి, వారితో ఛాయాచిత్రములు తీయించుకొని మరలు సందర్శకులు నేటికిని కలరు. ఆ పిల్లలు అనాథలు కారు. వారికి కొండమీద ఇల్లు కలదు, తల్లి కలదు, ఆ తల్లికొక భాష కలదు.

కావున గిడుగు వారి కృషినుండి మూడు ప్రమాణములను గ్రహింపవచ్చును. సేవకుడు ముందుగా ఆ పిల్లల భాషకు శిష్యుడయ్యెనా? ఆ శిష్యత్వము వారములలో గాక సంవత్సరములలో లెక్కింపదగినదా? తుదకు గ్రంథము, లిపి, బోధకత్వము ఎవరి చేత నిలిచినవి? మొదటి రెంటియందు రామమూర్తిగారు సాటిలేనివారు. మూడవదానియందు ఆయన కృషి అసంపూర్ణము. ఆ కొరత తీర్చుట తెలుగు శాఖల విధి. ఆయన సవర వాచకములను, పదకోశములను సవర విద్యావంతులే సంపాదకులుగా పునఃపరిశీలింపజేసి, సవర పిల్లలకు అందునట్లు ప్రకటింపవలెను. సంపాదకుల పేర్లు గ్రంథముఖమున నుండవలెను. అట్లు చేయని పక్షమున మనము జరుపు జయంతులు ఆయన కృషికి న్యాయము చేకూర్పజాలవు.