ఎత్తుకు తగ్గ బరువు

ఈ వారం ఓ కుర్రాడి మాటకి ఒళ్లు మండింది. మనవాడే, గుంటూరు వైపు. మిన్నెసోటా నుంచి మంచు మీద నడిచే స్నోమొబైల్‌ని ట్రైలర్ మీద వేసుకుని మంటానాలోని వెస్ట్ ఎల్లోస్టోన్‌కి వచ్చాడు. ఊరే 6,667 అడుగుల ఎత్తున ఉంది, తిరుమలకి రెండింతలు. పక్కనే టూ టాప్ కొండ 8,000 దాటుతుంది. సగం ఎక్కేసరికే అతని బండి మూలగడం మొదలెట్టింది.

"క్లచ్‌లో వెయిట్లు మార్చావా తమ్ముడూ?"

"ఎందుకన్నా? ఫ్యూయల్ ఇంజెక్షన్ కదా, ఎత్తు సంగతి అదే చూసుకుంటుంది. అయినా వచ్చే ఏడు టర్బో కొంటున్నా, ఈ గొడవే ఉండదు."

'అదే చూసుకుంటుంది' అన్న మాట మీద నాకున్న కక్ష పాత పాఠకులకు తెలుసు. వాషింగ్ మెషిన్ మీద రాశాను, రైస్ కుక్కర్ మీద రాశాను. ఇవాళ స్నోమొబైల్ వంతు.

కుర్రాడిది సగం నిజం. గాలి పల్చబడితే పెట్రోలు తగ్గించే పని కంప్యూటర్ చేస్తుంది. చలిలో కార్బ్యురేటర్ జెట్లు విప్పి మార్చినవాళ్లకి ఆ సుఖం విలువ తెలుసు. కానీ లేని గాలిని కంప్యూటర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? వెయ్యి అడుగులు ఎక్కితే దాదాపు మూడు శాతం బలం పోతుంది. కింద 160 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజన్ 8,000 అడుగుల దగ్గర 120కి దిగుతుంది. ఆ కబురు క్లచ్‌కి చెప్పే నాథుడు లేడు. దాన్లో సెన్సారూ లేదు, వైరూ లేదు.

ఉన్నవల్లా మూడు ఉక్కు వెయిట్లు, ఓ స్ప్రింగు. ఇంజన్ తిరిగేకొద్దీ వెయిట్లు బయటికి విచ్చుకుని పుల్లీని నొక్కి బెల్టుని అంచువైపు ఎక్కిస్తాయి, గేరు మార్చినట్టన్నమాట. స్ప్రింగు అడ్డుపడుతుంది. ఈ పెనుగులాట ఇంజన్ పూర్తి బలం ఇచ్చే చోట, 850 సీసీ టూ స్ట్రోక్‌కైతే సుమారు 8,000 ఆర్‌పీఎం దగ్గర, తేలాలి. మిన్నెసోటాలో సరిపోయిన వెయిటు ఇక్కడ బలం తగ్గిన ఇంజన్‌కి మోయలేని బరువు. ఆర్‌పీఎం పడిపోతుంది, ట్రాక్ మంచులో కూరుకుపోతుంది. అందుకే కంపెనీల పట్టికల్లో ఎత్తు పెరిగేకొద్దీ వెయిటు ఒకటి రెండు గ్రాముల చొప్పున తగ్గుతూ వస్తుంది. స్కీ-డూ కంపెనీ టీఆర్ఏ క్లచ్‌లోనైతే 1 నుంచి 6 దాకా అంకెలున్న మరలుంటాయి, ఒక్కో అంకెకి దాదాపు 200 ఆర్‌పీఎం తేడా.

నేను పట్టికని నమ్మి ఊరుకోను. పుల్లీ ముఖం మీద నడిమి నుంచి అంచు దాకా నల్ల మార్కర్‌తో గీత గీసి, ఫుల్ థ్రాటిల్‌లో ఓ ఏటవాలు ఎక్కొచ్చి, ఇంజన్ ఆపి మూత తీస్తాను. బెల్టు పాకినంత మేరా గీత చెరిగిపోయి ఉంటుంది. తర్వాత పుల్లీకి అరచెయ్యి ఆనిస్తాను. ఉంచలేనంత వేడిగా ఉంటే బెల్టు జారుతోందన్నమాట. మంచులోకి పోవాల్సిన బలం రబ్బరు పొడి కింద రాలిపోతోంది.

అసలు ఇలాంటి క్లచ్ నేను మొదట చూసింది రాకీ పర్వతాల్లో కాదు, విశాఖపట్నంలో. మా బాబాయికి కైనెటిక్ హోండా ఉండేది. 1984లో వచ్చిన బండి, గేర్లు లేవు, బటన్ నొక్కితే స్టార్టు. వెనక పిన్ని, ముందు నిలబడి నేను, సింహాచలం ఘాట్ రోడ్డు. అక్కడ ఎత్తు వెయ్యి అడుగులైనా లేదు, గాలికి లోటేం లేదు. మా ముగ్గురి బరువే దాని కష్టం. మలుపు తిరగ్గానే ఇంజన్ రొద పెరిగేది, బండి మెల్లగా అయినా ఆగకుండా ఎక్కేది. ఓ ఏడు ఎక్కనని మొరాయించింది. మెకానిక్ పక్క మూత విప్పి, అందులో వెయిటు పని చేసే ఓ రోలర్ తీసి నా చేతిలో పెట్టాడు. గుండ్రంగా ఉండాల్సింది ఓ పక్క చదునుగా అరిగి అద్దంలా మెరుస్తోంది. "దొర్లట్లేదు సార్, ఇక్కడే పట్టేస్తోంది" అని బాబాయికి చెప్పబోయాడు. బాబాయి అటు చూడనైనా లేదు. "అవన్నీ నాకెందుకయ్యా, కొండెక్కుతుందా లేదా అది చెప్పు" అన్నాడు.

కుర్రాడితో పేచీకి కూర్చున్నవాణ్ణి ఇక్కడికొచ్చి ఆగిపోయాను. గేరు మార్చే పని లేదనేగా బాబాయి ఆ స్కూటర్ కొన్నది! దాన్ని చేసినవాళ్లు కోరుకున్నదీ అదే. స్కీ-డూ వాళ్లు 2020 మోడల్‌లో ఫ్యాక్టరీ నుంచే, ఇంజన్లోకి గాలి కుక్కే టర్బో పెట్టి, 8,000 అడుగుల దాకా 165 హార్స్‌పవర్ తగ్గదన్నారు. బలం తగ్గకపోతే వెయిటు తగ్గించే పనే లేదు. నాలుగు రోజులు సెలవు దొరికి అంత దూరం నుంచి వచ్చినవాడు పార్కింగ్ లాట్‌లో గ్లవ్స్ విప్పి, మంచులో పడ్డ బోల్టు కోసం వెతుక్కోవాలా? నాకు అందులో సరదా ఉంది కాబట్టి వెతుక్కుంటాను. అతనికి కొండెక్కడం సరదా. టర్బోకి డబ్బు పెట్టగలిగితే పెట్టుకోనీ.

ఈ సీజన్‌కి మాత్రం వెయిట్లు మార్పించాను. సాయంత్రానికి బండి మూలుగు మానింది, కుర్రాడు కొండ దిగి రానన్నాడు. టర్బో వచ్చాక ఓసారి వయోమింగ్‌లో టోగ్వొటీ పాస్‌కి తీసుకెళ్లమన్నాను. అది 9,658 అడుగులు. మార్కర్ నేను తెస్తానన్నాను.